ఎల్గుజా ఇంటి మూడో బాన

మోకాళ్ల నొప్పులకని వేడినీటి ఊటల ఊరికి వెళ్లిన ఎల్గుజా మూడు వారాలకి పెళ్లాన్ని వెంటబెట్టుకుని తిరిగొచ్చాడు.

మా ముఖిస్వెలిలో అప్పటికి డెబ్బై గడపలు. ఆ కబురు డెబ్బై గడపలూ ఎక్కిదిగడానికి నేను ఒక వాయి రొట్టెలు కాల్చేంత సేపు కూడా పట్టలేదు. ఊరికి రొట్టెలు కాల్చేది నేనే. నిలువెత్తు మట్టి పొయ్యిలోకి నడుం దాకా వంగి, లోపలి గోడకి పిండి అంటించి, కాలాక కొక్కెంతో ఊడదీస్తాను. రొట్టెకి వచ్చినవాళ్లు ఊరికే నిలబడరు కాబట్టి ఊళ్లో సంగతులన్నీ నా పొయ్యి దగ్గరే ముందు ఉడుకుతాయి. అందులోనూ ఎల్గుజాది నా పక్కిల్లు. మధ్యలో దానిమ్మ చెట్ల దడి తప్ప ఇంకేం లేదు. కాబట్టి నేను చెప్పేదాంట్లో సగం కళ్లారా చూసింది, సగం చెవులారా విన్నది.

ఎల్గుజాకి అప్పుడు అరవై మూడేళ్లు. మొదటి భార్య పోయి తొమ్మిదేళ్లయింది. పిల్లలు లేరు. ఇంటి వెనక కొట్టంలో అయిదు బానలు మెడదాకా భూమిలో పాతి ఉండేవి. వాటిల్లో అతను పెట్టే వైన్‌కి ఊళ్లో సాటి లేదని అందరికీ తెలుసు, పైకి అనేవాళ్లు మాత్రం తక్కువ. ఎల్గుజా పెద్దగా మాట్లాడడు. మాట ఖర్చయితే మళ్లీ పంటకి గానీ దొరకదన్నట్టు ఉంటాడు.

అతని అక్క దోమ్నాది పై వీధి. తల్లి చిన్నప్పుడే పోతే తమ్ముణ్ని పెంచింది ఆవిడే. తనకి డెబ్బై ఏళ్లొచ్చినా ఆ పెంపకం ఇంకా పూర్తి కాలేదని ఆవిడ నమ్మకం. కబురు వినగానే చేతికర్ర పట్టుకుని దిగొచ్చింది. అప్పటికి ట్రాక్టర్ నడిపే జుంబేర్ ఇంకా సామాన్లు దింపుతున్నాడు. నేను దడి దగ్గర దానిమ్మ ఆకులు ఏరుతున్నట్టు నిలబడ్డాను.

"మోకాళ్లు ఎలా ఉన్నాయిరా?" అంది దోమ్నా.

"బాగున్నాయక్కా."

"ఈవిడెవరు?"

"మక్వాలా. నా భార్య."

దోమ్నా ఆవిణ్ని పైనుంచి కింది దాకా చూసింది. "డాక్టర్లు రాసిచ్చారా?"

ఎల్గుజా నోరు తెరిచేలోపే ఆ పొట్టి మనిషి అందుకుంది. "అవును వదినా. రోజూ మూడు పూటలా వాడమన్నారు. మానేస్తే నొప్పి తిరగబెడుతుందట."

జుంబేర్ చేతిలో పెట్టె జారిపోయింది. దోమ్నా నవ్వలేదు. కానీ మర్నాటికి ఊళ్లో మోకాళ్లు పట్టుకుని మూలిగే మగాడల్లా, 'నాకూ ఆ మందే రాసివ్వమనండి' అని పెళ్లాల చేత తిట్లు తిన్నాడు.

మక్వాలాది పడమటి వైపు, సముద్రం దగ్గరి టీ కొండలు. అక్కడి టీ ఫ్యాక్టరీలో ఇరవై ఎనిమిదేళ్లు టీ రుచి చూసే ఉద్యోగం చేసింది. అది మూతబడ్డాక వేడినీటి ఊటల దగ్గర తువ్వాళ్లు అందించే పనిలో చేరింది. అక్కడే ఎల్గుజా కనబడ్డాడు. మూడు వారాల్లో ఏం మాట్లాడుకున్నారో నాకు తెలీదు. ఆవిడే మాట్లాడి ఉంటుంది. వాళ్ల వైపు మాట మహా వేగం. మావాళ్లు ఒక పలకరింపు పూర్తిచేసేలోపు వాళ్లు పలకరించి, పోట్లాడి, రాజీపడి, కాఫీ కూడా తాగేస్తారు.

మొదటిరోజు భోజనాల దగ్గర ఎల్గుజా తన వైన్ పోసి ఇచ్చాడు. మా వైన్ తేనె రంగులో ఉంటుంది. తొక్కలూ గింజలూ అన్నీ నెలల తరబడి అందులోనే నాని, నాలుక మీద గట్టిగా కూర్చుంటుంది. వాళ్ల వైపు ద్రాక్షతీగలు చెట్ల మీదికి పాకుతాయి, వైన్ పల్చగా ఉంటుంది. మక్వాలా ఒక గుక్క పుచ్చుకుందట. "దీన్ని తాగాలా, నమలాలా?" అని అడిగిందట. ఆ తర్వాత, మూడుసార్లు మరిగించిన టీలా ఉంది గానీ ఇందులో ఎక్కడా ఒక్క తప్పు లేదని కూడా అంది. ఊళ్లో మొదటి మాటే తిరిగింది, రెండోది ఎవరూ మోయలేదు. నేను మాత్రం ఆ పూట దడి అవతల ఎల్గుజా నవ్వడం విన్నాను. తొమ్మిదేళ్లలో అదే మొదటిసారి.

దోమ్నాకి ఆ నమిలే మాట గుండెల్లో ముల్లయింది. పడమటివాళ్లు మొక్కజొన్న రొట్టె తింటారు, మేం గోధుమ రొట్టె తింటాం. అందుకని మరదల్ని 'మొక్కజొన్న' అనే పిలిచేది. 'మొక్కజొన్న ద్రాక్ష కొయ్యడం నేర్చుకుందా?' 'మొక్కజొన్న ఇవాళ చర్చికొచ్చిందా?' మక్వాలా పట్టించుకునేది కాదు. పిలిస్తే పలికేది.

కోతలొచ్చాయి. మక్వాలా అందరితో పాటు వంగి కోసింది, బుట్టలు మోసింది. రోజుకొకరి తోట చొప్పున ఊరంతా కలిసి కోస్తాం. సాయంత్రం ఆ ఇంట్లోనే తిండీ వైనూ. అలా ఆవిడ ఆ నెలలో ఇంచుమించు ప్రతి ఇంటి వైనూ ఒకసారి రుచి చూసింది. అప్పుడెవరూ దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

డిసెంబరు మొదట్లో బానలు మూసేశారు. రాతి మూత పెట్టి, చుట్టూ తడి బంకమట్టి మెత్తి, పైన ఇసుక పోసి, ఆ ఇసుక ఎండకుండా నీళ్లు చల్లుతుంటాం. ఎల్గుజా బానల్లో మూడోది అన్నిటికంటే పెద్దది, వాళ్ల తాత నాటిది. ఆ ఏడు అందులో ఉన్నది పెళ్లి వైన్. దోమ్నా మనవరాలు ఖతూనాకి నది అవతలి ఊరి కుర్రాడితో ఈస్టర్ తర్వాత పెళ్లి. నది అవతలివాళ్లకి వాళ్ల వైన్ మీద వాళ్లకి మహా గొప్ప. వాళ్ల ముందు మన ఊరి పరువు నిలబెట్టేది ఆ మూడో బానే అని దోమ్నా ఊరంతా చెప్పుకుంది.

క్రిస్మస్ అయిన వారానికి మక్వాలా రొట్టెకి వచ్చి, పొయ్యి దగ్గర చేతులు కాచుకుంటూ చాలాసేపు మాట్లాడకుండా నిలబడింది. ఆవిడ మాట్లాడకపోవడం నేనెప్పుడూ చూడలేదు. ఏమైందని అడిగాను.

"మూడో బాన వాసన మారింది లామారా," అంది.

చేతులు తుడుచుకుని ఆవిడ వెంట వెళ్లాను. ఇద్దరం కొట్టంలో మోకాళ్ల మీద కూర్చుని ఇసుక దగ్గర ముక్కు పెట్టాం. నాకు తడిమట్టి వాసన తప్ప ఏం తెలీలేదు. ఎక్కడో దూరంగా ఎవరో గోళ్లరంగు సీసా మూత తీసినట్టుందని ఆవిడ అంది. లోపలికి గాలి పోతోందట. వదిలేస్తే ఈస్టర్ నాటికి పెళ్లివాళ్లు వైన్ బదులు పుల్లటి సిర్కా తాగాల్సిందేనట.

ఎల్గుజాకి ఆ సంగతి చెప్పింది. మూసిన బాన వసంతంలో బాదం చెట్లు పూసేదాకా తెరవకూడదని వాళ్ల నాన్న చెప్పాడనీ, ఆయనకి వాళ్ల నాన్న చెప్పాడనీ అతను జవాబిచ్చాడు. ఇసుక మీద ఇంకో రెండు చెంబుల నీళ్లు పోశాడు. అంతటితో అయిపోయిందనుకున్నాడు. మక్వాలా మర్నాడూ చెప్పింది, ఆ మర్నాడూ చెప్పింది. అయిదో రోజు ఆవిడ నోరు తెరవగానే ఎల్గుజా కాఫీ కప్పు తీసుకుని పక్కగదిలోకి వెళ్లిపోయాడు.

ఈలోగా ఆ మాట పై వీధికి పాకింది. ఎవరు చెప్పారో నాకు తెలీదంటే ఎవరూ నమ్మరు కాబట్టి అనను. దోమ్నా కర్ర టకటకలాడించుకుంటూ వచ్చింది.

"పెళ్లి వైన్‌కి వంక పెడుతున్నావట. ఆకుల వాసన చూసి బతికినదానికి వైన్ గొడవ ఏం తెలుసు?"

"వదినా, నాకు వైన్ సంగతి తెలీదు. చెడిపోవడం సంగతి తెలుసు. అది ఎక్కడైనా ఒకలాగే మొదలవుతుంది."

దోమ్నా ఆ మాట తన మీదే వేసుకుంది. తమ ఇంటి శుభకార్యానికి ముందు నోటివెంట చెడు తీసిందని ఏడ్చినంత పనిచేసింది. ఆ తర్వాత వదినా మరదళ్ల మధ్య మాటల్లేవు. రొట్టెకి ఒకరు వస్తుంటే ఇంకొకరు సందు మలుపులోనే ఆగిపోయేవాళ్లు. ఊరు రెండు ముక్కలయింది. ఆడవాళ్లం చాలామంది మక్వాలా వైపు, మగవాళ్లంతా ఎల్గుజా వాళ్ల తాత వైపు.

జనవరి ఆఖర్లో నీనో పునీతురాలి పండగ వచ్చింది. ప్రార్థన అయ్యాక మధ్యాహ్నం పాత బడి హాల్లో ఊరందరికీ ఒకటే బల్ల. ఎవరింటి పాత వైన్ కూజా వాళ్లు తెస్తారు. తిండి సగమయ్యాక జుంబేర్ లేచాడు. వాడికి పుల్ల పెట్టడం కంటే ఇష్టమైన పని లేదు. తొమ్మిది ఇళ్ల వైన్ తొమ్మిది గ్లాసుల్లో పోద్దాం, ఏది ఎవరిదో మక్వాలా వదిన చెబితే ఆ ముక్కుని నమ్ముదాం, చెప్పలేకపోతే బాన గొడవ ఇంతటితో వదిలేద్దాం అన్నాడు.

మక్వాలా వద్దంది. తనేమీ సర్కస్ చెయ్యడానికి రాలేదంది. ఎల్గుజా తలెత్తలేదు. బల్ల చివరినుంచి దోమ్నా ఎవరితోనూ కాకుండా గోడతో అన్నట్టు, "భయమేమో పాపం," అంది.

మక్వాలా కుర్చీ గోడవైపు తిప్పుకుని కూర్చుంది. "పొయ్యండి. ఒక చెంచా, ఒక బేసిను ఇవ్వండి."

బేసిను ఎందుకో ఎవరికీ అర్థంకాలేదు. తొమ్మిది గ్లాసులు వరసగా పెట్టి ఆవిణ్ని ఇటు తిరగమన్నారు. చెంచాతో వైన్ తీసుకుని, ఈల వేసినట్టు పెద్ద చప్పుడుతో నోట్లోకి పీల్చి, రెండు క్షణాలు ఆగి, బేసినులో ఉమ్మేసింది. టీ ఫ్యాక్టరీలో అలాగే చేస్తారట. ముసలాళ్లు నోళ్లు తెరిచారు. మా ఊళ్లో వైన్ నేలమీద ఒలికితేనే తప్పు, అలాంటిది ఉమ్మడం. పై వీధి నోదార్ తాతయితే గుండెల మీద సిలువ గుర్తు వేసుకున్నాడు.

"ఇది నోదార్ గారిది," అంది ఆవిడ మొదటి గ్లాసు పక్కకి పెడుతూ. "పోయినేడు బాన కడిగాక ఆరనివ్వలేదు."

నోదార్ తాత సిలువ గుర్తు సగంలో ఆపేశాడు. ఆరనివ్వలేదన్నది నిజమే, వానలు పడ్డాయి కదా అని గొణిగాడు. రెండోది నాది. నా దగ్గర రొట్టెల పొగ వైన్‌కి కూడా పడుతుందట, అది తప్పు కాదు గానీ దాగదంది. మూడు, నాలుగు, అయిదు... ఏదీ తడబడలేదు. ఎనిమిదో గ్లాసు దగ్గర మాత్రం రెండుసార్లు చెంచా ముంచింది. జుంబేర్ మొహం వెలిగింది. ఇంక దొరికిపోయిందనుకున్నాడు.

"ఇది రెండిళ్లది," అంది మక్వాలా. "ఎక్కువ జుంబేర్‌ది. తక్కువది నాకు తెలీదు, ఈ ఊరిది కాదు."

జుంబేర్ చెవులు కందిపోయాయి. కొత్త సంవత్సరానికి వైన్ చాలక మామగారింటి నుంచి రెండు కేన్లు తెచ్చి తన దాంట్లో కలిపాడు. ఆ సంగతి వాడి పెళ్లానికీ తెలీదు. ఆ క్షణంలో తెలిసింది. హాలంతా బల్లలు చరుస్తూ నవ్వారు. తొమ్మిదో గ్లాసు మక్వాలా నోట్లో పెట్టుకోలేదు. దూరం నుంచి ఒక్కసారి వాసన చూసి, "ఇది మా ఇంటిది, రెండో బాన," అంది. దోమ్నా ఒక్కతే నవ్వలేదు. తమ్ముడివైపే చూస్తోంది.

ఎల్గుజా లేచాడు. టోపీ పెట్టుకున్నాడు. ఎవరికీ ఏమీ చెప్పకుండా బయటికి వెళ్లిపోయాడు.

నవ్వులు ఆగిపోయాయి. మక్వాలా చెంచా కింద పెట్టేసింది. "అందరిలో అతన్ని చిన్నబుచ్చాను కదూ," అంది నాతో. ఆవిడ శాలువా కప్పుకుని వెళుతుంటే నేనూ వెళ్లాను. మా వెనక జుంబేర్, వాడి వెనక నోదార్ తాత, అలా సగం ఊరు నడిచింది.

కొట్టం తలుపు తీసి ఉంది. ఎల్గుజా మూడో బాన మీద ఇసుక పారతో తీసేస్తున్నాడు. ఇసుక కింద బంకమట్టి కనబడింది. ఒక పక్క వెంట్రుకవాసి బీట. రాతి మూత అటువైపు రవ్వంత జరిగి ఉంది. జుంబేర్ చెయ్యి వేశాడు. ఇద్దరూ మూత లేపారు. వైన్ జానెడు కిందికి దిగిపోయి ఉంది. పైన పాత ఊరగాయ మీద పట్టినట్టు తెల్లటి పొర. ఇప్పుడు వాసన నాక్కూడా తెలిసింది.

దోమ్నా బోర్లించిన తొట్టి మీద కూలబడిపోయింది. ఎల్గుజా పొర పక్కకి తోసి, పొడుగు కర్రకి కట్టిన సొరబుర్రతో లోతునుంచి వైన్ తీసి రుచి చూశాడు. చాలాసేపు నోట్లో ఉంచుకుని మింగాడు.

"పులుపు అంటుకుంది. పైపైనే," అన్నాడు. తర్వాత మక్వాలా వైపు తిరిగి, "ఏం చేద్దాం?" అని అడిగాడు.

అరవై మూడేళ్లుగా వైన్ విషయంలో ఎల్గుజా ఎవర్నీ ఆ మాట అడిగి ఎరగడు. మక్వాలా కళ్లు తుడుచుకుంది. "నాకు వాసన వరకే తెలుసు. వైద్యం నీది."

అతను పనులు చెప్పడం మొదలుపెట్టాడు. ఈ వైన్ చిన్న బానల్లోకి మార్చాలి, మూతి దాకా నింపాలి, గాలికి చోటుండకూడదు. నోదార్ తాత తన ఇంట్లో ఖాళీగా ఉన్న రెండు బానలు వాడుకోమన్నాడు. ఈసారి ఆరబెట్టే ఇస్తానని కూడా అన్నాడు. ఇంకోటి జుంబేర్‌ది, ఇంకోటి నాది. ఆడవాళ్లం నీళ్లు మరిగించాం. చెర్రీ బెరడు కుంచెలతో నాలుగు బానలూ తోమి, కడిగి, గంధకం పొగ పెట్టాం. మగవాళ్లు వరసగా నిలబడి బకెట్లు అందించారు. పండగ బట్టలన్నీ పాడయ్యాయి. దోమ్నా కాసేపు తొట్టి మీదే కూర్చుంది. తర్వాత లేచి, గౌను చేతులు పైకి మడిచి, మక్వాలా పక్కన నిలబడి కుంచె అందుకుంది. పైన పొర పట్టిన బకెట్టెడు మాత్రం పోయింది. దాన్ని సిర్కాకి ఉంచేశారు. మిగతాదంతా దక్కింది.

ఆ తర్వాత మూడు రోజులు ఎల్గుజా ఎవరితోనూ మాట్లాడలేదు. నాలుగో పొద్దున మక్వాలా నా పొయ్యి దగ్గర కూర్చుని, పోటీలో కావాలనే ఓడిపోయి ఉంటే బాగుండేదంది. ఓడిపోతే వైన్ పోయేది కదా అన్నాను. వైన్ వచ్చే ఏడు మళ్లీ వస్తుందంది. రొట్టె కూడా తీసుకోకుండా వెళ్లిపోయింది. నేను ఆ రొట్టె పట్టుకుని దడి దాకా వెళ్లేసరికి అవతల ఎల్గుజా గొంతు వినబడింది. ఆగిపోయాను.

"నాకు కోపం నీ మీద కాదు," అంటున్నాడు. "ఆ మూత నా చేత్తో నేనే పెట్టాను. నువ్వు అయిదు రోజులు చెప్పావు. నేను కాఫీ పట్టుకుని పక్కగదిలోకి పోయాను."

"పోతే పోయావు. కప్పు కిటికీ దగ్గరే వదిలేశావు. రాత్రి చలికి అడుగున కాఫీ గడ్డకట్టి కప్పు పగిలింది."

"అదా నీ బాధ?"

"అది మంచి కప్పు," అంది మక్వాలా.

ఇద్దరూ ఒకేసారి నవ్వారు. నేను రొట్టె దడి మీద పెట్టి వెనక్కొచ్చేశాను.

పెళ్లి మే నెల మొదట్లో జరిగింది. నది అవతలినుంచి నలభై మంది వచ్చారు. పెళ్లికొడుకు మేనమామ భలే భారీ మనిషి, వైన్ విషయంలో తనే ఆఖరి మాట అన్నట్టు ఉన్నాడు. మొదటి కూజాలు బల్లమీదికి రాగానే ఆయన గ్లాసు వెలుగుకి పెట్టి చూశాడు, వాసన చూశాడు, తాగాడు, మళ్లీ తాగాడు. ఇది చేసిందెవరని అడిగాడు. దోమ్నా అప్పటికే లేచి నిలబడి ఉంది గానీ ఎల్గుజా చెయ్యెత్తి ఆవిణ్ని కూర్చోమన్నాడు.

"చేసింది నేను," అన్నాడు. "చంపబోయిందీ నేనే. బతికించింది మా ఆవిడ. పెళ్లికూతురి పేరు చెప్పి మొదటి గిన్నె ఆవిడే తాగుతుంది."

అతను అన్ని మాటలు ఒక్కసారే మాట్లాడటం ఊరు మొదటిసారి వింది. మక్వాలా మట్టిగిన్నె రెండు చేతులా అందుకుంది. ఖతూనా చల్లగా ఉండాలంది. వెంటనే గిన్నె ఎత్తి చుక్క మిగలకుండా తాగేసింది. మావైపు అందరూ లేచి నిలబడి తాగారు. అటువైపువాళ్లు సంగతేమిటో తెలీకపోయినా లేచారు. దోమ్నా ఆ మేనమామ పక్కకి చేరి, "మా మరదలు. ఊరి వైన్ ఏ ఇంటిదో చెంచాతో చెప్పేస్తుంది. మీ ఊళ్లో ఉన్నారా అలాంటివాళ్లు?" అని అడగడం నేను విన్నాను. ఆయన లేరని ఒప్పుకునేదాకా వదల్లేదు.

ఆ మరుసటేడు బాదం పూయకముందే మక్వాలాకి పని మొదలయింది. జనవరి వచ్చిందంటే ఒకళ్ల తర్వాత ఒకళ్లు, 'మా కొట్టంలోకి ఒకసారి వచ్చి పోరాదూ' అంటారు. ఆవిడ కొట్టాలన్నీ తిరిగి ఇసుక దగ్గర ముక్కు పెట్టి వస్తుంది. ఎల్గుజా పార భుజాన వేసుకుని వెనకే నడుస్తాడు, అవసరం పడినా పడకపోయినా. దోమ్నా ఇప్పుడు ఎనభై దాటింది. నడవలేక మరదల్ని పిలిపించుకుంటుంది. ఇద్దరూ కిటికీ దగ్గర కూర్చుని వీధిలో వెళ్లేవాళ్ల మీద చాడీలు చెప్పుకుంటారు. అందులో నా వంతు ఎంతో నాకు తెలీదు.

ఇవాళ పొద్దున దడి అవతల తీగలు కత్తిరించే దగ్గర మొగుడూ పెళ్లాలిద్దరూ వాదులాడుకుంటున్నారు. ఒక్కో తీగకి ఎన్ని కణుపులు ఉంచాలన్నది గొడవ. ఎల్గుజా ఆరు అంటాడు, ఆవిడ ఎనిమిది అంటుంది. నా పిండి పొంగిపోతోందని లోపలికి వచ్చేశాను, ఎవరి మాట నెగ్గిందో చూడలేదు.